ఇంటి శుద్ధికి ఇంటి సరుకులు



గత సంచికలో ఊరగాయ జాడీలను కడిగి యెండబెట్టు విధమును వ్రాసియుంటిమి. దానిని చదివిన సోదరి యొకరు మాకిట్లు వ్రాసినారు: “జాడీల మాట చెప్పితిరి. తక్కిన పాత్రలకును, పట్టుచీరలకును, ఇంటి నేలకును బజారున రంగురంగుల సీసాలలో నమ్ము నీళ్లే గతియా? మా అత్తగారు బూడిదతోను చింతపండుతోను ఇల్లంతయు అద్దమువలె నుంచెడివారు. ఆ పద్ధతులు నేటికిని పనికివచ్చునా? ఇంట పాకెడు బిడ్డ యున్నది. ఏ సీసా యెక్కడ పెట్టుటకును భయముగా నున్నది.”

ఈ ప్రశ్న ఆ సోదరి యొక్కరిదే కాదు. పసిబిడ్డలున్న ప్రతి యింటను ఈ భయము కలదు. కావున ఈ మాసమున ఆ విషయమునే తీసికొంటిమి.

సమాధానమును ముందుగనే చెప్పెదము. దినదినమును చేసికొను శుద్ధిలో చాల భాగము ఇంటి సరుకులతోనే జరుపుకొనవచ్చును. కొన్ని సమయములందు మాత్రము అవి చాలవు. చాలవని తెలియక వానినే నమ్ముకొన్నచో ప్రాణహాని కలుగును. అదియునుగాక, చెట్టునుండి వచ్చినదంతయు సాధువనియు, అంగడినుండి వచ్చినదంతయు విషమనియు నెంచుట సరికాదు. ఏ సరుకు ఏ పనికి, ఏ కారణమున పనికివచ్చునో యెఱిగి వాడుకొనుటయే మేలు.

పూర్వుల విభాగము

మనుస్మృతి యైదవ అధ్యాయమున ద్రవ్యశుద్ధి ప్రకరణము కలదు. ఆ గ్రంథములోని సంఘనియమములను పెక్కింటిని మనము నేడంగీకరింపము గాని, ఈ ప్రకరణమును వ్రాసినవారు పెరటిలోని పనిని దగ్గఱనుండి చూచినవారని తోచును. రాగి, ఇనుము, కంచు, ఇత్తడి, తగరము, సీసము వీనిని క్షారముతోను, ఆమ్లముతోను, నీటితోను తగినట్లుగా శుద్ధిచేయవలెనని యందున్నది. మేకబొచ్చు కంబళ్లకు కుంకుడుకాయయు, నారబట్టలకు తెల్లయావాలును చెప్పబడినవి. అమరకోశమున కుంకుడునకు ఫేనిలమని పేరు. ఫేనిలమనగా నురుగు గలది.

ఈ క్షారము, ఆమ్లము, ఫేనిలము అను మూడు మాటలను జ్ఞాపకముంచుకొన్నచో మన పని సగము తీరినట్లే. జిడ్డునకు క్షారము విరుగుడు. లోహముల చిలుమునకును, ఉప్పునీటి తెల్లపొరకును ఆమ్లము విరుగుడు. బట్టలలోని మురికిని నలుపక విడదీయుటకు ఫేనిలము తగినది. ఇవి తాఱుమాఱైనచో పని జరుగకపోవుటయే కాక వస్తువు చెడును.

క్షారము: కట్టెబూడిద, సోడా

కట్టెబూడిదలో పొటాసియము కార్బొనేటను క్షారము కలదు. జిడ్డుపాత్రపై తడిబూడిద రాచినప్పుడు నూనె కొంత సబ్బుగా మాఱి నీటిలో పోవును. మెత్తని రేణువులు మాడును గీకివేయును. ఈ రెండు గుణములు నొకేచోట నుండుటచేతనే బూడిద ఇన్ని తరములు నిలిచినది.

బూడిదను సన్నని జల్లెడలో జల్లించి, బొగ్గుముక్కలను ఏఱివేసి, మూతగల డబ్బాలో తడి తగులకుండ నుంచవలెను. అన్ని బూడిదలు నొకటి కావు. కట్టెలు, కొబ్బరి మట్టలు, పిడకలు కాల్చిన బూడిద పనికివచ్చును. రంగు పూసిన చెక్కను, ప్లైవుడ్డును, అట్టపెట్టెలను, ప్లాస్టిక్కు కలిసిన చెత్తను కాల్చిన బూడిదను భోజనపాత్రలకు తాకింపరాదు. పాత రంగులలో సీసమును, మందు పట్టించిన చెక్కలలో ఇతర విషములును ఉండవచ్చును. అవి కాలిపోవు, బూడిదలోనే నిలుచును. నేలబొగ్గు బూడిదయు తగదు. గ్యాసు పొయ్యిలు వచ్చిన పిమ్మట పట్టణములలో కట్టెబూడిద కఱవైనది. ఇప్పుడది పొట్లములలో అమ్మకమునకును వచ్చుచున్నది. ఏ కట్టె బూడిదయో చెప్పలేని పొట్లమును కొనుటకంటె మానుటయే మంచిది.

అల్యూమినియము పాత్రలకు, అనగా కొన్ని సీమలలో సత్తు గిన్నెలనియు కొన్నియెడల సిల్వరు గిన్నెలనియు పిలుచు వానికి, బూడిద శత్రువు. క్షారము ఆ లోహమును తినివేసి నల్లబఱచును. చింతపండును వానికి అట్టిదే. వానిని కుంకుడు నీటితో గాని, సాధువైన సబ్బుతో గాని, మెత్తని పీచుతో కడిగిన చాలును. అంటుకొనకుండ పైపూత వేసిన పెనములకు బూడిద, ఇసుక, ఇనుపపీచు ఏదియు తగదు.

సోడాలు రెండు తెఱగులు. వంటసోడా మిక్కిలి మెత్తని క్షారము. టీకప్పుల మరకలకును, కూరగాయల పీట వాసనకును, కొద్ది నీటితో ముద్దచేసి రాచిన చాలును. బట్టలసోడా దానికంటె చాల ఘాటైనది. నూనె గడ్డకట్టిన పొయ్యిగట్టునకును, ఇనుప జల్లెడలకును అది మేలు గాని, చేతులను కాల్చును. పట్టును, ఉన్నిని పాడుచేయును. చేతులకు తొడుగు లేక దానిని ముట్టరాదు. ఈ రెంటిని వేర్వేఱు డబ్బాలలో పేరు వ్రాసి యుంచవలెను. చూపులకు రెండును తెల్లని పొడులే యగుటచేత, వంటింట వాటిని ఒకదానికొకటి పొరపడుట అపాయకరము.

ఆమ్లము: చింతపండు, నిమ్మ

ఇత్తడి రాగియు తుత్తునాగమును కలిసినది. కంచు రాగియు తగరమును కలిసినది. గాలియు తేమయు తగిలి రాగి నల్లబడును. మఱికొంతకాలమునకు ఆకుపచ్చని చిలుము పట్టును. దీనిని క్షారము కదలింపలేదు. చింతపండులోని టార్టారికామ్లము కరగించివేయును. అందుచేతనే ముందు చింతపండు, తరువాత బూడిద అను వరుస మన పెద్దలు పెట్టినారు. మొదటిది చిలుమును తీయును. రెండవది జిడ్డును తీసి, మిగిలిన పులుపును విఱిచి, మెఱుగు నిచ్చును.

పులుసునకు పిసికిన చింతపండు పిప్పి యీ పనికి చాలును. మంచి పండును వ్యర్థము చేయనక్కఱలేదు. పిప్పిలో చిటికెడు ఉప్పు కలిపి రాచిన పని త్వరగా నగును. నగిషీ గల దీపపు కుందులకు, బుడితి పనివారి చెంబులవంటి వానికి ముద్ద తగినది: ఒక చెంచా ఉప్పు, ఒక చెంచా గోధుమపిండి, ముద్ద యగుటకు చాలినంత నిమ్మరసము కలిపి, చెక్కడపు సందులలో పట్టించి, 10 నిమిషములుంచి, మెత్తని కుంచెతో రుద్ది కడుగవలెను. వెంటనే పొడిగుడ్డతో తుడువవలెను. నీటి చుక్కలు నిలిచినచో మచ్చ లేర్పడును.

ఇచ్చట రెండు జాగ్రత్తలు కలవు. పులుపులో ఇత్తడిని రాత్రియంతయు నానవేయరాదు. ఆమ్లము ముందుగా తుత్తునాగమును లాగివేయును. పసుపురంగు పోయి, పాత్ర ఎఱ్ఱబాఱును. అట్లయినది మఱల రాదు. రెండవది, తోమిన పిప్పిలో రాగి కరగియుండును. దానిని పశువుల కుడితిలో వేయరాదు, పిల్లలకందకుండ పాఱవేయవలెను. పాత్రను మంచినీటితో రెండుమూడు మాఱులు తొలుపవలెను.

కళాయి పూసిన పాత్రలలోపల బూడిదయు, ఇసుకయు, పులుపును వాడరాదు. ఆ తగరపు పొర పలుచనిది. అది తొలగి రాగి కనబడినప్పుడు పులుసులు, చారు, మజ్జిగపులుసు అందు కాచరాదు. పులుపునకు రాగి కరగి వాంతులు కలుగును. కళాయివాడు రానినాడు ఆ పాత్రను అటకపై నుంచుటయే మేలు.

బోరుబావి నీరు కాచు పాత్రల యడుగున కట్టు తెల్లని పెచ్చు సున్నపు జాతిది. దానిని గీకి పాత్రను గాయపఱచుట యేల? లీటరు నీటిలో రెండు చెంచాల నిమ్మయుప్పు వేసి కాచి, అరగంట యుంచిన నదియే విడిపోవును. అయితే స్టీలు పాత్రలకే యీ పద్ధతి, అల్యూమినియమునకు కాదు.

వెండి సంగతి వేఱు. వెండి నల్లబడుట గాలిలోని గంధకముచే గాని తుప్పుచే కాదు. పూజావస్తువులను మెత్తని విభూతితో, పలుచని గుడ్డతో తుడిచిన చాలును. చాల నల్లబడిన చెంచాలు, గిన్నెలు మొదలగువానికి నేడొక సులువు తెలిసినది. పింగాణీ పళ్లెమున అల్యూమినియపు రేకుకాగితము పఱచి, దానికి తగులునట్లు వెండివస్తువు నుంచి, కాగిన నీరు పోసి, లీటరునకు ఒక పెద్దచెంచా వంటసోడాయు, కొంచెము ఉప్పును వేయవలెను. నలుపులోని గంధకము వెండిని విడిచి అల్యూమినియమును పట్టుకొనును, వెండి అరిగిపోదు. రాళ్లు పొదిగిన నగలకును, నలుపు అందముకొఱకే యుంచిన పనితనమునకును ఇది పనికిరాదు.

ఫేనిలము: కుంకుడుకాయ

కుంకుడు పెచ్చులలో సపోనిన్ అను నురుగుపదార్థము కలదు. గింజలో పనిలేదు. సబ్బు ఉప్పునీటిలో తెట్టెకట్టి బట్టలకంటుకొనును. కుంకుడు రసము అట్లు తెట్టెకట్టదు. ఇది గొప్ప సుగుణము. బోరునీటి యూళ్లలోని సోదరీమణులు దీనిని తప్పక గమనింపవలెను.

చేయు విధము: గింజలు తీసిన 100 గ్రాముల పెచ్చులను లీటరు వేడినీటిలో రాత్రి నానవేసి, ఉదయమున 15 నిమిషములు సన్నని సెగను కాచి, చల్లాఱిన పిమ్మట పిసికి, పలుచని గుడ్డతో వడియగట్టవలెను. ఇది బయట రెండు దినములకే పులిసి వాసనవేయును. మంచుపెట్టెలో వారమువఱకు నిలుచును. కావున కావలసినంతే చేసికొని, మిగిలిన పెచ్చులను ఎండబెట్టి దాచుకొనుట మంచిది. ఎండిన పెచ్చులు సంవత్సరములు చెడవు.

పట్టు, ఉన్ని జంతువులనుండి వచ్చినవి, మన జుట్టువంటివి. క్షారము వానిని పెళుసుచేయును. కుంకుడు రసము స్వల్పముగా ఆమ్లగుణము గలదగుటచే వానికి హితమైనది. మనుస్మృతిలో పట్టునకు చవుటిమన్ను చెప్పబడినది. పచ్చిపట్టులోని జిగురు పోగొట్టుటకు క్షారము పనికివచ్చును గాని, నేసిన చీరను మాటిమాటికి క్షారమున ముంచిన దాని మెఱుగు పోవును. కావున ఈ యొక్క విషయమున మేము స్మృతికారుని పక్షము వహింపము.

అరబకెట్టు చల్లనినీటిలో గ్లాసెడు రసము కలిపి, పట్టుచీరను ఐదు నిమిషములు ముంచి, మెల్లగా అదిమి, రెండు నీళ్ల తొలుపవలెను. పిండి మెలిపెట్టరాదు. లోపలి వైపు పైకి వచ్చునట్లు నీడను ఆఱవేయవలెను. ముందుగా చెంగు మూలను ఒక చుక్క వేసి, తెల్లగుడ్డతో ఒత్తి, రంగు దిగునేమో చూడవలెను. దిగినచో ఇంట ఉతుకక పట్టుచీరలుతుకు నేర్పరి కీయవలెను. తెల్లని నూలుబట్టలను మాత్రము కుంకుడు స్వల్పముగా గోధుమరంగుకు త్రిప్పును. వానికి సబ్బే మేలు. పసిబిడ్డల పొత్తిగుడ్డలకును సబ్బుతో ఉతికి, వేడినీట కాచి, ఎండలో నాఱవేయుటయే సరియైనది.

కుంకుడు కంటిలో పడినచో మంట యెట్టిదో తలంటిపోసికొన్న ప్రతివారికిని తెలియును. కుంకుడునీరు చేపలకు విషము. ఆ నీటిని చెఱువులోను, చేపలున్న తొట్టిలోను పోయరాదు. పెరటి చెట్ల పాదులకు పలుచగా పోయవచ్చును.

నేల

ఇచ్చట మన ప్రాంతపు సంగతి యొకటి చెప్పవలసియున్నది. తాండూరు నాపరాళ్లును, బేతంచెర్ల నాపరాళ్లును, కడప బండలును, పాలరాయియు సున్నపురాయి జాతికి చెందినవి. నిమ్మరసము, వినిగరు, పాయిఖానాలు కడుగు యాసిడు వీనిమీద పడినచో నురుగులు వచ్చి రాయి కరగును. మెఱుగు పోయి గరుకుపడి, ఆ గరుకున మురికి మఱింత నిలుచును. ఇంటి నేల యే రాయియో తెలియనిచో, కనబడని మూలను ఒక చుక్క నిమ్మరసము వేసి చూడుడు. బుడగలు వచ్చినచో ఆ నేలకు పులుపు పనికిరాదు. గోరువెచ్చని నీటిలో కొంచెము కుంకుడు రసము కలిపి తుడిచి, వెనువెంటనే మంచినీటితో తుడువవలెను. గ్రానైటు బండలకును, పింగాణీ పలకలకును ఈ భయము లేదు.

అట్టి నేలలకు తొక్కల పులుసునీరు పనికివచ్చును. నేడు పలువురు దీనిని చేసికొనుచున్నారు. బెల్లము 100 గ్రాములు, నిమ్మ, నారింజ, బత్తాయి తొక్కలు 300 గ్రాములు, నీరు 1 లీటరు కలిపి, ప్లాస్టిక్కు డబ్బాలో నాల్గవవంతు ఖాళీ యుండునట్లు పోసి, మూడు మాసము లుంచవలెను. మొదటి మాసము ప్రతిదినమును మూత వదులుచేసి లోని గాలిని పోనీయవలెను. బొగ్గుపులుసు వాయువు పుట్టి ఒత్తిడి హెచ్చును. గాజుసీసాలో బిగించినచో పగిలి గాజుముక్కలెగురును. పైన తెల్లని పొర కట్టిన హానిలేదు. నల్లని బూజు పట్టి కుళ్లువాసన వచ్చినచో పాఱబోయవలెను. వడియగట్టినది బకెట్టు నీటికి చిన్నగ్లాసెడు చాలును. ఇది సర్వరోగహరమని కొందఱు చెప్పుకొనుచున్నారు. అది నిజము కాదు. ఇది ముఖ్యముగా వినిగరువంటి పులుపునీరు. జిడ్డు, వాసన తీయును. అంతకుమించి దానిని నమ్మరాదు.

వినిగరును సోడాను కలిపి పొంగించి దానితో సమస్తమును శుద్ధియగునని చెప్పుటయు నట్టిదే. పొంగు చూచుటకు వేడుకగా నుండును గాని, ఆమ్లము క్షారమును, క్షారము ఆమ్లమును చంపుకొని, మిగులునది దాదాపు ఉప్పునీరు. సోడాతో ముందు రుద్ది కడిగి, అవసరమైన తరువాత వినిగరు పోయుట మేలు.

మట్టియిండ్లలో పేడతో అలుకుట నేటికిని కలదు. దుమ్ము రేగకుండ నేల గట్టిపడుటకు అది యుపయోగించును. కాని పేడలోను, మట్టిలోను ధనుర్వాతపు క్రిమిబీజము లుండును. పేడను గాని, పిడకబూడిదను గాని గాయములపైనను, పసికందు బొడ్డుపైనను పెట్టరాదు. తల్లులకు, బిడ్డలకు వచ్చు ధనుర్వాతము మన దేశమున అదుపులోనికి వచ్చినదని 2015లో నిర్ధారింపబడినది. టీకాలచేతను, శుభ్రమైన ప్రసవములచేతను అది సాధ్యమైనది. దానిని పాడుచేసికొనరాదు.

చాలని చోటులు

ఇంట ఎవరికైన వాంతులు, విరేచనములు పట్టుకొన్నప్పుడు నిమ్మయు, వేపాకును, తొక్కలనీరును చాలవు. పాయిఖానాను, రోగి పడిన చోటును శుద్ధిచేయుటకు బ్లీచింగు పొడియే శరణ్యము. లీటరు నీటికి సుమారు 15 గ్రాముల మంచి పొడి కలిపి, మురికిని ముందు తీసివేసి, ఆ నీటితో తడిపి, పదినిమిషములకు తక్కువగాక యుంచి కడుగవలెను. కిటికీలు తెఱచియుంచవలెను. చేతులకు తొడుగులుండవలెను. పాతబడి, వాసనపోయిన పొడి పనిచేయదు.

ఈ జాతి పొడి మహిమను స్త్రీలమైన మనము మఱువరాదు. 1847లో వియన్నా నగరపు ఆసుపత్రిలో ప్రసవించిన తల్లులు జ్వరముతో చనిపోవుచుండగా, సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు వైద్యులందఱు క్లోరిను సున్నపు నీటితో చేతులు కడిగికొనవలెనని నియమము పెట్టెను. మరణములు ఎంతయో తగ్గెను. అంగడి సరుకన్న మాత్రమున దానిని వెలివేసినచో నష్టము మనదే.

కాని యీ పొడినే యాసిడుతో కలిపినచో క్లోరిను వాయువు వెలువడును. 1915 ఏప్రిల్ 22న బెల్జియములోని ఈప్ర్ యొద్ద జర్మను సేనలు శత్రువులపై వదలినది ఈ వాయువే. తలుపు మూసిన చిన్న స్నానపుగదిలో, మఱింత తెల్లబడునను నాశతో రెండు సీసాలనొకచోట పోయు స్త్రీ తన యూపిరితిత్తులపై అదే వాయువును వదలుకొనుచున్నది. యాసిడే కాదు, నిమ్మరసము, వినిగరు కలిపినను అదియే జరుగును. అమోనియాతో కలిపినను విషవాయువే పుట్టును. కావున దీనిని సూత్రముగా పెట్టుకొనుడు: బ్లీచింగు నీటితో మంచినీరు తప్ప మఱేదియు కలుపరాదు. మన యింట పనిచేయు అమ్మకును ఈ మాటను విడమఱిచి చెప్పవలెను. సీసాపై వ్రాతను చదువగలిగిన మనము చెప్పక, చదువలేని ఆమె యూపిరాడక పడిపోయినచో ఆ దోషము మనదే.

బిడ్డలున్న యిండ్లకు

ప్రశ్న వ్రాసిన సోదరికి ముఖ్యముగ చెప్పవలసిన దిది. బిడ్డకు సీసాలోని యాసిడెంత అపాయమో తాంబూలపు సున్నమును అంతే అపాయము. సున్నపు పొట్లమును నొక్కి యాడుచు కంటిలో చిమ్ముకొని చూపు చెడగొట్టుకొన్న పసివారు కలరు. హారతికర్పూరమును మ్రింగిన బిడ్డకు మూర్ఛలు వచ్చును. బట్టలలో వేయు నాఫ్తలీను గోలీలు మిఠాయివలె కనబడును. మ్రింగినచో రక్తము చెడును. కొందఱు పిల్లలకు వాని వాసన పట్టిన గుడ్డలు కట్టినను హాని కలుగును. పసివారి బట్టలకు ఎండిన వేపాకులను గుడ్డసంచిలో కట్టి పెట్టుడు. నెలకొకసారి బట్టలను ఎండకు చూపుడు.

ఏ శుద్ధిద్రవమును నీళ్లసీసాలోను, పానీయముల సీసాలోను పోయరాదు. మిగిలినది కొంచెమే కదా యని అట్లు పోసి అరుగుమీద పెట్టుటవలననే బిడ్డలు దాహమునకు త్రాగుట జరుగుచున్నది. అన్నిటిని తాళముగల పెట్టెలో, లేదా మన తలకంటె ఎత్తున నుంచవలెను. ఘాటైన ద్రవమును బిడ్డ మ్రింగినచో వాంతి చేయింపరాదు. దిగునప్పు డొకమాఱు కాల్చినది పైకి వచ్చునప్పుడు మఱల కాల్చును. నోరు కడిగి, ఆ సీసాను వెంటగొని వెంటనే ఆసుపత్రికి పోవలెను. కంటిలో పడినచో, రెప్పలు విప్పిపట్టి, కనీసము 20 నిమిషములు మంచినీటిధారతో కడిగి, పిమ్మట వైద్యుని కడకు పోవలెను. సున్నము పడినప్పుడు ముక్కలేవైన నున్న మెత్తని తడిగుడ్డతో తీసివేయవలెను.

చేతులు

పాత్ర మెఱసినది గాని, తోమిన చేయి యేమైనదని యెవరును అడుగరు. మా వీధిలో ఐదిండ్ల పాత్రలు తోము నొకామె అరచేతులు పగిలి నెత్తురు చిమ్ముట మేము చూచితిమి. ఒక యింట బట్టలసోడా, ఒక యింట యాసిడు, ఒక యింట ఇనుపపీచు. ఎవరి యింట వారికి వారి పాత్రయే కనబడును గాని, అన్నియు కలిసి యామె చేతులపైననే పడుచున్నవి. ఆమె కొక జత రబ్బరు తొడుగులు కొనియిచ్చి, పని ముగిసిన పిమ్మట రాచుకొనుటకు కొబ్బరినూనె యుంచుట మన కేమంత వ్యయము? పాత్రలను ముందుగా నీటిలో నానవేసి యుంచిన ఆమె శ్రమ సగము తగ్గును. బీరకాయ పీచు, కొబ్బరి పీచు మెత్తగా తోమును గాని, తడిగా నుంచినచో క్రిములకు నెలవగును. దినమునకొకసారి పిండి యెండబెట్టి, మెత్తబడి వాసన వచ్చినదానిని పాఱవేయవలెను.

ఇన్ని చెప్పినను ఒక్క దినమున అన్నిటిని మార్చుకొనవలసిన పనిలేదు. ఈ మాసమున ఒక డబ్బా జల్లించిన బూడిదయు, ఒక సంచి కుంకుడు పెచ్చులును సిద్ధము చేసికొని, యాసిడు సీసాను తాళములోనికి మార్చిన చాలును. సోదరీమణులు తమ ప్రాంతములలో వాడుకలోనున్న పద్ధతులను వ్రాసి పంపినచో పరీక్షించి ప్రకటించెదము. వచ్చు సంచికలో పప్పుధాన్యములకు పురుగు పట్టకుండ నిలువచేయు విధములను ముచ్చటించెదము.